మూడు తెల్లవారుజాములు: శ్రీకాకుళం నుంచి చిలికా సరస్సుకు శరత్కాలపు కారు ప్రయాణం

ఆమదాలవలసలో రైలెక్కి పూరీకో భువనేశ్వరానికో వెళ్ళినవారందరూ చిలికాను చూసినవారే. బరంపురం దాటాక రంభ, బాలుగావ్ స్టేషన్ల మధ్య పట్టాలు కొంతదూరం సరస్సు అంచునే సాగుతాయి. కిటికీ పక్కన కూర్చున్నవారు "అదిగో చిలికా" అంటారు, మిగిలినవారు మెడలు సాచి చూస్తారు, కాసేపటికి నీళ్ళు వెనక్కి వెళ్ళిపోయి మళ్ళీ పొలాలు మొదలవుతాయి. కారులో వెళ్ళే మన జిల్లాల కుటుంబాలు కూడా ఎక్కువగా ఇదే పని చేస్తాయి. జగన్నాథ దర్శనానికి పోతూ దారిలో ఒక గంట ఆగి, మిట్టమధ్యాహ్నపు ఎండలో పడవెక్కి, దూరాన నల్లని చుక్కలుగా కనిపించిన పక్షులను చూసి, ఇంతేనా అనుకుంటూ బయలుదేరుతాయి. చిలికాను దారిలో మజిలీగా కాక గమ్యంగా పెట్టుకుని, 3 తెల్లవారుజాములను నీళ్ళ దగ్గర గడిపే విధంగా ప్రయాణాన్ని ఎలా అమర్చుకోవాలో ఈ మార్గదర్శిలో వివరిస్తాను. మొదటి తెల్లవారుజాము మన జిల్లాలోనే తేలినీలాపురంలో, రెండవది చిలికా ఒడ్డున రంభలో, మూడవది సరస్సు ఉత్తరపు అంచున మంగళజోడిలో గడుస్తుంది.

ముందుగా చిలికా గురించి రెండు మాటలు. ఒడిశాలోని పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలలో సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు పరచుకున్న, నది నీరు సముద్రపు నీరు కలిసే సరస్సు అది. వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో తగ్గుతుంది. 1981లో మన దేశం నుంచి, అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాలో మొదట చేరిన చిత్తడి నేలలలో ఇది ఒకటి. సరస్సు మధ్యన ఉన్న నలబన దీవిని 1987లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. నల అంటే మనం కిక్కస అని పిలిచే రెల్లుజాతి గడ్డి, బన అంటే వనం. సముద్రంతో కలిపే ముఖద్వారం ఇసుకతో పూడుకుపోయి, ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయిన కాలంలో, అంటే 1993లో, ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలోకి ఈ సరస్సు ఎక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్విన తరువాత నీరు తిరిగి కోలుకుని, 2002లో ఆ పట్టిక నుంచి బయటపడింది. ఈ సంగతి తెలిసి చూసినవారికి, జాలర్లు వలలు కట్టే వెదురు గడలు కూడా వేరే విధంగా కనిపిస్తాయి.

మొదటి పని: తేదీ నిర్ణయం

ప్రయాణంలో అన్నిటికంటె ముఖ్యమైన నిర్ణయం ఇదే. శరదృతువు అనగానే దసరా సెలవులు గుర్తుకు వస్తాయి, పిల్లలకు బడి ఉండదు కనుక ఆ రోజులలోనే బయలుదేరాలనిపిస్తుంది. కాని మన తీరానికి అక్టోబరు ఎటువంటి నెలో మనకంటె బాగా ఎవరికి తెలుసు? 2013లో పైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, మరుసటి సంవత్సరం హుద్‌హుద్ విశాఖను తాకింది అదే తేదీన. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటలను నేలకూల్చింది. మనం ప్రయాణించే దారి మొత్తం ఈ తుపానుల దారిలోనే ఉన్నది.

అందువలన నేను దసరాను వదిలి, దీపావళి కూడా దాటనిచ్చి, నవంబరు మూడవ వారాన్ని ఎంచుకుంటాను. దీనికి తుపాను భయం ఒక్కటే కారణం కాదు, ఆ వారంలోనూ బంగాళాఖాతంలో వాయుగుండం పట్టవచ్చు. అసలు కారణం పక్షుల రాకపోకలు. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరితో వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకుని డిసెంబరు వచ్చేసరికి వెళ్ళిపోతాయి. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు, అక్టోబరులలో చేరి, మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. చిలికాకు ఉత్తరదేశపు వలస పక్షులు అక్టోబరు నుంచి దిగుతాయి గాని, వానాకాలంలో మునిగిన నలబన నీరు తగ్గి పైకి తేలితేనే అవి నిలదొక్కుకుంటాయి. ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడే వారం నవంబరు నడిమిది. డిసెంబరు, జనవరిలలో చిలికాలో పక్షులు ఇంకా ఎక్కువ. ఇటీవలి సంవత్సరాల జనవరి లెక్కింపులలో 10 లక్షలకు పైగా తేలాయి. అయితే అప్పటికి తేలుకుంచి చెట్లు ఖాళీ అవుతాయి, క్రిస్మస్ సెలవుల జనం రేవులలో నిండుతారు, ఉదయం జాతీయ రహదారిమీద మంచు కమ్ముతుంది.

తేదీ ఖరారు చేసిన తరువాత, బయలుదేరడానికి 5 రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ ప్రకటనలను రోజూ చూడండి. నేను పాటించే నియమం ఒక్కటే. "మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు" అన్న మాట వినిపించిందా, ప్రయాణం వాయిదా. గది అడ్వాన్సు పోయినా సరే. కార్తీక పౌర్ణమి నాడు, కార్తీక సోమవారాలలో నదీ తీరాల దగ్గర, శివాలయాల దగ్గర జన సమ్మర్దం ఉంటుంది కనుక ఆ రోజులను కూడా తప్పించుకుంటే మేలు.

రెండవ పని: బస

మొదటి రాత్రి రంభలో, రెండవ రాత్రి బార్కుల్‌లో గాని మంగళజోడిలో గాని ఉండాలి. రంభలోనూ బార్కుల్‌లోనూ ఒడిశా పర్యాటక సంస్థవారి పంథనివాస్‌లు సరస్సు ఒడ్డునే ఉన్నాయి, పడవ రేవులు కూడా అక్కడే. శని, ఆదివారాలలో గదులు దొరకడం కష్టం కనుక కనీసం నెల ముందుగా పట్టుకోండి. వీలైతే ప్రయాణాన్ని మంగళవారం మొదలుపెట్టి గురువారం ముగించండి. బరంపురంలో బస చేసి పొద్దున్నే కారులో సరస్సుకు వెళ్దామని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. గంటకు పైగా దారిలోనే తెల్లవారిపోతుంది.

మూడవ పని: బండి, కాగితాలు, సామాను

శ్రీకాకుళం నుంచి మంగళజోడి దాకా పోయి రావడానికి, పక్కదారులతో కలిపి, సుమారు 600 కిలోమీటర్లు అవుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండికి 40 లీటర్ల ఇంధనం పడుతుంది. విజయనగరం వారు మరొక 130 కిలోమీటర్లు కలుపుకోవాలి. టైర్లలో గాలి, స్టెప్నీలో గాలి, వైపర్లు, హెడ్‌లైట్లు ముందురోజే చూసుకోండి. లైసెన్సు, ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం నాలుగూ గడువులో ఉండాలి. రాష్ట్రం దాటుతున్నాము కనుక కాలుష్య పత్రాన్ని తేలికగా తీసుకోవద్దు. నాతవలస, మడపాం మొదలుకొని దారి పొడవునా టోల్‌గేట్లు ఉన్నాయి, ఫాస్టాగ్‌లో తగినంత సొమ్ము వేసి ఉంచండి. మద్యం సీసా ఒక్కటి కూడా సరిహద్దు దాటించవద్దు.

సామానులో బైనాక్యులర్స్ ఒక్కటి మరువకూడదు. 8×42 కొలత గలది పక్షులకు సరిపోతుంది. కుటుంబానికి ఒకటి చాలదు, ఇద్దరికి ఒకటి చొప్పున అరువు తెచ్చుకొనైనా పెట్టుకోండి. ఒకరు చూసి రెండవవారికి ఇచ్చేలోపల పక్షి లేచిపోతుంది, పిల్లలు అలుగుతారు. ఎరుపు, తెలుపు బట్టలకంటె మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు మంచివి. తెల్లవారుజామున నీటిమీద చలి గాలి కోస్తుంది కనుక చెవులు కప్పే మఫ్లరు ఒకటి అవసరం. పులిహోర, వేరుశనగ ఉండలు, మంచినీళ్ళ కూజా ఇంటినుంచే తీసుకుపోతే ప్లాస్టిక్ సీసాల బెడద సగం తగ్గుతుంది.

మొదటి రోజు: చంపావతి నుంచి రుషికుల్య దాకా

విజయనగరం వారు ఉదయం 4 గంటలకు ముందే బయలుదేరి నాతవలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. శ్రీకాకుళం వారు 5 గంటలకు బయలుదేరితే చాలు. ఈ దారిని ఊళ్ళతో కాక నదులతో గుర్తుపెట్టుకోవడం నాకు అలవాటు: చంపావతి, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా, సరిహద్దు దాటాక రుషికుల్య. ఆరు నదులు దాటితే చిలికా వస్తుంది. పిల్లలకు ఈ లెక్క అప్పగించండి, "ఇంకెంత దూరం" అన్న ప్రశ్న ఆగిపోతుంది.

టెక్కలి దగ్గర రహదారి వదిలి నౌపడ వైపు తిరిగితే తేలినీలాపురం వస్తుంది. శ్రీకాకుళం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. సూర్యోదయానికి అక్కడ ఉండాలి. కారును ఊరి బయటే ఆపి, తలుపులు మెల్లగా వేసి, నడిచి వెళ్ళండి. ఇక్కడ పక్షులు ఏ అడవిలోనో కాదు, ఇళ్ళ మధ్య చెట్లమీదనే గూళ్ళు కట్టుకుంటాయి. చింతచెట్టు కొమ్మ చివర గూడబాతు కూర్చుంటే కొమ్మ కిందికి వంగి ఊగుతుంది. దాని పొడవాటి ముక్కు అంచున వరుసగా చుక్కలు, కింద వేలాడే సంచి, ఆ సంచిలోకి తలదూర్చి తిండి తీసుకునే పిల్ల, ఇవన్నీ బైనాక్యులర్స్ లేకుండానే కనిపిస్తాయి. రెట్టల వాసన ఘాటుగా ఉంటుంది, కింద వాకిళ్ళు తెల్లబడతాయి. అయినా ఊరివారు విసుక్కోరు. ఒక ముసలమ్మ వాకిలి ఊడుస్తూ నాతో, "పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు బాబూ, కసురుకుంటామా?" అన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని మనం చిన్ననాటి నుంచీ వింటున్నాము. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ రెండూ దక్షిణాసియా పక్షులే. నీళ్ళను, చేపలను బట్టి ఒకచోటి నుంచి మరొకచోటికి తిరుగుతూ మన ఊళ్ళను పురిటిల్లుగా ఎంచుకుంటాయి. దూరదేశం నుంచి రాలేదని వాటి విలువ తగ్గదు, మన చెరువులు ఎండితే వాటికి వేరే దిక్కు లేదని తెలుస్తుంది. పిల్లలకు ఈ నిజమే చెప్పండి. చుట్టుపక్కల నౌపడ ఉప్పు మడులలో ఈ కాలానికి నీరు నిలిచి ఉంటుంది. రహదారికి తిరిగి వచ్చేటప్పుడు మడుల గట్ల వెంట నెమ్మదిగా నడపండి, బురదలో పొడుగుకాళ్ళ ఉల్లంకులు మేత వెతుకుతూ కనిపిస్తాయి.

ఎనిమిదిన్నరకు మళ్ళీ రహదారి ఎక్కి, పలాస కాశీబుగ్గలో ఉపాహారం చేయవచ్చు. జీడిపప్పు ఇప్పుడు కొనవద్దు, తిరుగు ప్రయాణంలో కొనుక్కోవచ్చు. నవంబరులో వరికోతలు జరుగుతుంటాయి. సర్వీసు రోడ్లమీద, పక్క ఊళ్ళ దారులమీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పెడతారు. ఆ రాళ్ళు చీకటిలో కనపడవు, పక్కదారులలో రాత్రి నడపకపోవడానికి ఇది చాలు.

తేలుకుంచి ఇచ్ఛాపురం మండలంలో ఉన్నది. నత్తగుల్ల కొంగను దగ్గరగా చూడదగిన చోటు ఇది. పెద్దపక్షి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తను పట్టి, గుల్ల లోపలి కండను లాగడానికి ఆ ముక్కు బాగా పనికివస్తుంది. గూటిలోని పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. ఈ తేడాను చూపిస్తే పిల్లలు గంటసేపు కదలరు. గూళ్ళున్న చెట్టు కింద నిలబడి చప్పట్లు కొట్టి పక్షులను లేపే అలవాటు మనవాళ్ళలో కొందరికి ఉన్నది. అది చేయకండి, చేసేవారిని చేయనివ్వకండి. బెదిరి లేచిన తల్లి కాలు తగిలి పిల్ల కిందపడితే దానిని మళ్ళీ గూటికి చేర్చేవారు ఉండరు.

బాహుదా దాటితే ఒడిశా. భాష గురించి బెంగ అక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే, బరంపురం బజారులో ఇప్పటికీ తెలుగు నిక్షేపంగా చెల్లుతుంది. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి పుట్టిన ఊరు అది. భోజనం అక్కడే ముగించుకోండి. గంజాం దగ్గర రుషికుల్య వంతెన దాటి, 3 గంటలకు రంభ చేరాలి. నవంబరులో సాయంత్రం ఐదుంపావుకే పొద్దు గుంకుతుంది, ఆ రెండు గంటలూ ఒడ్డున కూర్చోవడానికే ఉంచుకోండి. పడవ మరునాటికి మాట్లాడుకుని తొందరగా పడుకోండి.

రెండవ రోజు: రంభ, కాళీజాయి

నా మొదటి ప్రయాణంలో జరిగిన పొరపాటు చెబితే ఈ రోజు పద్ధతి అర్థమవుతుంది. అక్టోబరులో, ఇంటి దగ్గర 8 గంటలకు తీరిగ్గా బయలుదేరి, 3 గంటలకు రేవు చేరి, కనపడిన మొదటి పడవను బేరం చేశాము. గాలి అప్పటికే లేచింది. గంట వెళ్ళాక ఇంజను పంకాకు నాచు, తెగిన వల చుట్టుకుని పడవ ఆగిపోయింది. పడవవాడు నీటిలోకి దిగి కత్తితో కోస్తున్నాడు, నీరు అతని నడుముకు మించలేదు. అయినా చుట్టూ చీకటి పడుతున్నప్పుడు, పిల్లలిద్దరికీ లైఫ్‌జాకెట్లు లేనప్పుడు, నడుములోతు నీరు కూడా సముద్రమే. గెడ వేసుకుంటూ ఒడ్డు చేరేసరికి ఏడున్నర అయింది.

చిలికాలో చాలాచోట్ల లోతు 2 మీటర్లు దాటదు. అందుకే గాలి వీస్తే పొట్టి అలలు వెంటవెంటనే లేచి పడవను కుదుపుతాయి. ఉదయం 6 నుంచి 9 వరకు నీరు అద్దంలా ఉంటుంది, పక్షులు మేతలో ఉంటాయి, వెలుగు మెత్తగా ఉంటుంది. పడవ ఎక్కేముందు నాలుగు విషయాలు నోటితో అడిగి తేల్చుకోండి: మనిషికొక లైఫ్‌జాకెట్ ఉన్నదా, ఎన్ని గంటలు తిప్పుతారు, ఏ ఏ దీవులు చూపుతారు, ఇంజను ఆగితే గెడ ఉన్నదా. జాకెట్ ఇవ్వకపోతే పడవ మార్చండి, మొహమాట పడవద్దు.

రంభ అఖాతంలో చిన్న దీవులు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఖళ్ళికోట రాజుల కాలపు కట్టడం శిథిలమై మిగిలిన బ్రేక్‌ఫాస్ట్ దీవి, నీటిలో నిలబడిన రాతి గుట్టమీది బీకన్ దీవి, రెట్టలతో సున్నం కొట్టినట్టున్న బండల పక్షుల దీవి మూడింటిని రెండున్నర గంటలలో చూడవచ్చు. ఈ ప్రాంతపు బర్కుడా దీవిలో కాళ్ళులేని ఒక నలికిరి జాతిని 1917లో గుర్తించి, దీవి పేరే దానికి పెట్టారు.

తొమ్మిదిన్నరకు ఒడ్డుకు చేరి, ఫలహారం చేసి, 30 కిలోమీటర్ల దూరంలోని బార్కుల్‌కు బయలుదేరండి. మధ్యాహ్నం ఎండలో కాళీజాయి దీవిలోని అమ్మవారి గుడికి వెళ్ళి రావచ్చు. అత్తవారింటికి పడవలో పోతూ తుపానులో మునిగిపోయిన జాయి అనే పెళ్ళికూతురు అక్కడ దేవత అయిందని కథ. జాలర్లు ఆ దీవి మీదుగా పోయేటప్పుడు దణ్ణం పెట్టుకోకుండా పోరు. సరస్సు పీతలు, రొయ్యలు ఈ వైపు ప్రసిద్ధి. అయితే కార్తీకంలో ఒడియా కుటుంబాలు చాలావరకు నీచు ముట్టవు కనుక, ఆ నెలలో శాకాహార భోజనం కూడా ఎక్కడైనా బాగానే దొరుకుతుంది.

నలబనకు బార్కుల్ నుంచి వెళ్ళాలనుకునేవారు అటవీ శాఖ నిబంధనలను రేవులోనే అడిగి తెలుసుకోవాలి. పడవను పక్షుల గుంపులోకి పోనిమ్మని ఎన్నడూ అడగవద్దు. వేల మైళ్ళు ఎగిరి వచ్చిన పక్షి మన ఫోటో కోసం పదిసార్లు లేచి దిగితే, అది తిన్న తిండి ఆ ఎగురుడుకే సరిపోతుంది. ఇక డాల్ఫిన్ల సంగతి. ఇరావతి డాల్ఫిన్లు కనిపించేది ప్రధానంగా పూరీ వైపున్న సాతపడాలో. ఈ 3 రోజులలో దానిని ఇరికించవద్దు, పూరీ వెళ్ళినప్పుడు వేరుగా చూడవచ్చు.

మూడవ రోజు: మంగళజోడి

బార్కుల్ నుంచి టాంగి మీదుగా సుమారు గంట ప్రయాణం. నాలుగున్నరకు లేవాలి, లేదా రెండవ రాత్రే మంగళజోడి చేరి ఊరివారు నడిపే బసలో పడుకోవాలి. సరస్సు ఉత్తరపు అంచున, రెల్లు, తుంగ దట్టంగా పెరిగిన మంచినీటి చిత్తడి ఇది. ఒకప్పుడు ఈ ఊరిలో పక్షులను వేటాడి అమ్ముకోవడమే చాలామందికి జీవనం. 2000 ప్రాంతంలో వారే శ్రీశ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడి కాపలాకు నిలిచారు. మిమ్మల్ని తీసుకువెళ్ళే మనిషికి పక్షి ఎక్కడ దాగుతుందో అంత బాగా ఎలా తెలుసో ఆలోచిస్తే అర్థమవుతుంది. అతనికి ఇవ్వవలసిన కూలిని బేరమాడకండి. ఆ కూలి వలలు వేయకుండా ఉన్నందుకు దక్కే ఆదాయం.

ఇక్కడ ఇంజను లేదు. వెదురు గెడ నీటిలో దిగే చప్పుడు, తీసినప్పుడు జారే చుక్కల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. నుదుట తెల్లని నామంతో నామాల కోళ్ళు నీటిమీద పరుగెత్తి రెల్లులోకి పోతాయి. గాడ్‌విట్ పక్షులు వందలుగా బురదలో ముక్కులు గుచ్చి నిలబడతాయి, పైన గద్ద నీడ కదిలితే అన్నీ ఒక్కసారిగా లేచి, తిరిగి, మళ్ళీ అక్కడే వాలుతాయి. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, హిమాలయాలను దాటి వచ్చే పట్టెతల బాతులు ఉంటాయి. జంటగా నిలిచిన నారింజరంగు బాతును చూస్తే కాస్త ఆగండి. మన కావ్యాలలో రాత్రివేళ విడిపోయి విలపించే జక్కవ అదే. పద్యాలలో చదివిన పక్షిని పది గజాల దూరంలో చూసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పటికీ మరువలేదు.

పడవలో నిలబడకండి, ఫోనులో పాటలు పెట్టకండి, డ్రోను ఎగురవేయకండి. 3 గంటల పడవను మాట్లాడుకుని, మొదటి గంట కెమెరా బయటకు తీయకుండా చూడండి.

పది గంటలకు ఒడ్డుకు వచ్చి, పదకొండుకు బయలుదేరితే, బరంపురంలో భోజనం చేసి, మూడింటికి బాహుదా దాటి, నాలుగున్నరకు కాశీబుగ్గ చేరవచ్చు. జీడిపప్పు కొనడానికి అదే సమయం. గుండు ఏది, బద్ద ఏది విడివిడిగా చూసి, ఒక పలుకు నోట్లో వేసుకుని కొనండి. అక్కడ టీ తాగి బయలుదేరితే టెక్కలికి ముందే పొద్దు గుంకుతుంది. ఆ తరువాత మడపాం వంశధార వంతెన దాకా ఎడమవైపు లేన్‌లో ఆగి ఉండే లారీలను గమనిస్తూ, వేగం తగ్గించి నడపండి. విజయనగరం వారు శ్రీకాకుళంలో భోజనం చేసి, డ్రైవరును మార్చుకుని వెళ్ళడం మంచిది.